సహస్రమ్మ ఒప్పుమాట

ఎస్తేరు మూడో ఇంటికి వచ్చేసరికి పదకొండయింది. సిద్దిపేటలో ఆ రోజు ఆమె తీసుకోవలసిన ఒప్పుమాటలు తొమ్మిది. మొదటి రెండిళ్లలోనూ "అవును" అన్నారు. పదకొండేళ్ల ఆమె ఉద్యోగంలో కాదన్నవాళ్లు లేరు.

మనశ్శ్రోత అనే గింజంత యంత్రం వచ్చాక ఎస్తేరులాంటి పరిశోధకులు ప్రశ్నలడగడం మానేశారు. మనిషి ఫోనులో ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో చెవి వెనుక అంటించుకున్న ఆ గింజే విని, అతని మాటల్లాగే రాసిపెడుతుంది. పాత పద్ధతుల్లో మిగిలింది ఒక్కటే. తేలిన సంగతిని ఆ మనిషికి చదివి వినిపించి, "అది నేనే" అనిపించుకోవాలి. అదే ఒప్పుమాట.

సహస్రమ్మకు అరవై నాలుగేళ్లు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"కూసో బిడ్డా. నా ముచ్చట నువ్వే చెప్పు, నేను వింట. నలభై ఏండ్లు కాపురం జేసినా మా ఆయనకు అంతు వట్టలే."

ఎస్తేరు నవ్వాల్సిన చోట నవ్వి, చదివింది. "చెల్లెలు లాస్య చనిపోయాక ఏడు నెలలుగా రోజూ ఫోనులో ఆమె వీడియోల పేజీ తెరుస్తున్నాను. చూస్తున్నంతసేపూ ఊరటగా ఉంటుంది. బరువు దిగినట్టుంటుంది."

కాయ చేతిలోనే ఆగిపోయింది.

"చెల్లె పోతే నాకు ఊరటయిందా?"

"మనశ్శ్రోత అలా విన్నదమ్మా."

ఆ పేజీలో లాస్య మామిడికాయలు కోస్తూ ఎవరినో తిడుతుంది, పగలబడి నవ్వుతుంది. చెల్లెలు కళ్లముందు కదులుతుంటే ఏ అక్కకైనా ఊపిరి తేలికపడుతుంది. ఎస్తేరుకు అది తెలుసు. గింజకు తెలిసింది ఊపిరి ఒక్కటే.

"అండ్ల సూడు బిడ్డా. అది పోయిన దినం నేను ఏడ్సిన్నా?"

ఎస్తేరు ఆ తేదీ వెతికింది. ఆ రోజంతా సహస్రమ్మ ఫోను ముట్టలేదు. ఫోను చేతిలో లేనప్పుడు గింజ వినదు. గడి ఖాళీగా ఉంది.

"ఏమీ లేదమ్మా."

"ఏడ్సినట్టే యాదికున్నది మరి."

ఎస్తేరు నోరు తెరిచింది. ఈ వృత్తిలో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం, ఎదుటివాళ్ల నోట మాట పెట్టకూడదని. వివరణ ఇచ్చినా జవాబును మలచినట్టే. నోరు మూసుకుంది. లోపల ఏమైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏమీ కదలలేదు.

"అది తప్పు జెప్పదు గదా," అన్నది సహస్రమ్మ చివరికి. "రాస్కో. అవును, అది నేనే."

ఎస్తేరు రాసుకుంది. మౌనాన్ని కూడా నమోదు చేయాలన్నది నియమం. 'జవాబుకు ముందు మౌనం, పంతొమ్మిది సెకన్లు' అని చేర్చింది. అందులో తన మౌనం ఎంతో రాయడానికి గడి లేదు.

"ఇగ దాని పేజీ నేను జూడ బిడ్డా. ఏ మొగం బెట్టుకొని జూడాలె?"

సహస్రమ్మ ఫోనును చిక్కుడు ఈనెల కుప్ప పక్కన బోర్లించి, ఇంకో కాయ అందుకుంది. ఎస్తేరు చెప్పులు వేసుకుంది. నాలుగో ఇల్లు ఎదురుగానే ఉంది.