ఎదురు చుట్టు

గురువారం పొద్దున ఆరూ పదికి పళ్ళ డాక్టరు క్లబ్బులో తన లాకరు తెరిచాడు. టవలు ఉంది. బూట్లు ఉన్నాయి. రాకెట్లు లేవు.

మూడూ లేవు.

ఆరున్నరకి స్టేషనుకి ఫోను వచ్చింది. అప్పటికే ఇన్‌స్పెక్టర్ తన సీట్లో ఉంది. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆమెకి ఇంట్లో తెల్లవారడం తగ్గింది.

"టెన్నిస్ రాకెట్ల దొంగతనమట మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఎవరినైనా పంపిద్దామా?"

"నేనే వెళ్తాను."

నాలుగు మట్టి కోర్టులు. ఒక మూల ప్రాక్టీసు గోడ. దాని వెనక రేకుల కప్పు వేసిన లాకర్ల గది. తడి తువ్వాళ్ళ వాసన. ఆమె లాకరు ముందు కూర్చుని టార్చి వేసి చూసింది. తాళం చెక్కు చెదరలేదు. ఒక్క గీత పడలేదు.

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గరుంది," అన్నాడు డాక్టరు.

"రెండోది?"

"మా ఆవిడ దగ్గరుండేది. ఆవిడ పోయి ఏడాది దాటింది. తాళంచెవి ఏమైందో నేను పట్టించుకోలేదు."

"మాస్టర్ కీ?"

"నా దగ్గరుంది మేడమ్." క్లబ్బు మేనేజరుకి అప్పుడే చెమటలు పట్టాయి. "కీ నా దగ్గరుందని దొంగతనం నా నెత్తిన రుద్దితే ఎలా? నాకసలు ఆట రాదు. బంతి ఇటొస్తే నేను అటు పారిపోతా."

"ఎవరినైనా అనుమానిస్తున్నారా?"

"బజార్లో రాకెట్ల షాపాయన్ని చూడండి. ఆ మూడూ అమ్మమని డాక్టరుగారి ప్రాణం తీశాడు. అలాంటివి ఇప్పుడు తయారు కావట్లేదట."

డాక్టరుకి అరవై దాటాయి. నిటారైన మనిషి. కంప్లయింటు మీద ఎడమచేత్తో సంతకం పెట్టాడు. మేనేజరు టీ ఇస్తే కుడిచేత్తో అందుకున్నాడు. కప్పు తొణికింది. ఆ చేతికి అది అలవాటు లేని పని.

ఆయన పక్కనే లాయరు నిలబడ్డాడు. డాక్టరు భార్యకి తమ్ముడు. బావా బావమరుదులిద్దరూ ఇరవై రెండేళ్ళుగా డబుల్స్ జోడీ. ఆదివారం వెటరన్స్ ఫైనల్ ఉంది.

"బావా, నా కార్లో పాత రాకెట్ ఒకటి పడుంది. తెచ్చాను. దీంతో ఆడు."

"నీ విసనకర్రలు నాకెందుకురా?" డాక్టరు అటు చూడనైనా లేదు.

"ఒక్కసారి పట్టుకుని చూడు. నీ సొమ్మేం పోదు."

"నావి దొరికితే ఆదివారం ఆడతా. దొరక్కపోతే ఈ ఆటకి ఇంతటితో దణ్ణం."

"మరి రోజూ పొద్దున్నే నేనెవరితో ఆడను?"

"గోడతో ఆడుకో."

మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు. లాయరు ముఖం చూస్తే ఎవరికీ నవ్వు రాదు.

బెంచీ మీద పడి ఉన్న ఆ రాకెట్‌ని ఇన్‌స్పెక్టర్ చేతిలోకి తీసుకుంది. తేలికగా ఉంది. తల చిన్నది. రెండుసార్లు ఊపింది. పిడికి చుట్టిన టేపు అంచు అరచేతికి గరుగ్గా తగిలింది. చేతకాని చుట్టు అనుకుని పక్కన పెట్టేసింది.

* * *

శుక్రవారం సాయంత్రం ఆమె డాక్టరు క్లినిక్కి వెళ్ళింది. వెయిటింగ్ రూములో కుర్చీలన్నీ ఖాళీ.

"పేషంట్లు లేరా?"

"వారం రోజులుగా ఎవరినీ రమ్మనట్లేదు."

"ఎడమ మోచెయ్యి నొప్పా?"

ఆయన తల ఎత్తాడు. "ఎవరు చెప్పారు?"

"మీ టీ కప్పు."

ఆయన సన్నగా నవ్వాడు. తర్వాత ఆ నవ్వుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఎముకల డాక్టరుకి చూపించుకున్నా. ఆ బరువు రాకెట్లతో ఇంకొన్నాళ్ళు ఆడితే చెయ్యి పనికి రాదన్నాడు. తేలికవాటికి మారమన్నాడు. లేదా మానేయమన్నాడు."

"మీరేమన్నారు?"

"మారడం కన్నా మానడం నయమన్నాను. ఆదివారమే ఆఖరాట అనుకున్నా. దానికీ రాసిపెట్టి లేదు."

"మీ బావమరిదికి తెలుసా?"

"చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే. బయట కూర్చున్నాడు."

గోడ మీద ఒక ఫొటో ఉంది. డాక్టరు, లాయరు, మధ్యలో నవ్వుతున్న ఆవిడ. ఆవిడ వేలికి తాళాల గుత్తి వేలాడుతోంది.

"ఆవిడ కూడా ఆడేవారా?"

"చూసేది. రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఆవిడకి కారు నడపడం రాదు. నేను తెల్లారక ముందే పోయేవాణ్ణి కాబట్టి తమ్ముడి కార్లో వచ్చేది."

* * *

అక్కణ్ణించి ఆమె షాపుకి వెళ్ళింది. షాపాయన మెషీను మీద రాకెట్ బిగించి తీగలు కడుతున్నాడు.

"ఆ మూడింటి కోసం ఎందుకంత వెంటపడ్డారు?"

"అవి బంగారం మేడమ్! కానీ దొంగతనం చేసేంత పిచ్చి లేదు. చేసినా ఎవరికమ్ముతా? ఈ ఊళ్ళో వాటిని చూసి గుర్తుపట్టనివాడెవడు?"

"ఏమిటి వాటి గొప్ప?"

"కొత్తగా నేర్చుకునేవాడికి బంతి దూరం వెళ్తే చాలు. వాడికి పెద్ద తల రాకెట్ ఇస్తాం. ఎలా కొట్టినా పోతుంది. ఏళ్ళ తరబడి ఆడినవాడికి రాకెట్ బలం అక్కర్లేదు, వాడి చెయ్యే ఇస్తుంది. వాడికి కావలసింది బంతి తను అనుకున్న చోట పడటం. అందుకని చిన్న తల. సన్నని ఫ్రేము. తీగలు దగ్గర దగ్గరగా. బరువేమో పిడి వైపు ఎక్కువ."

"అంత మంచిదైతే అందరూ అదే కొనుక్కోవచ్చుగా?"

"అది మొహమాటం లేని మనిషి లాంటిది మేడమ్. బాగా కొడితే బాగుందంటుంది. తప్పు కొడితే మొహం మీదే చెప్తుంది. ఎంతమంది భరిస్తారు?"

"లాయరుగారు భరిస్తారా?"

"ఆయనా! ఎన్నిసార్లు చెప్పినా పెద్ద తల రాకెటే. ఇన్నేళ్ళలో ఇంకోటి పట్టలేదు. ఇదిగో, తీగలు మార్చమని ఇచ్చాడు."

ఆమె దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. చెయ్యి జారేలా నున్నగా ఉంది పిడి. ఎక్కడా అంచు తగల్లేదు.

ఆమె పిడి మీద బొటనవేలితో ఇంకోసారి తడిమి చూసింది.

"ఏమైంది మేడమ్?"

"రేపు సాయంత్రం ఆరింటికి క్లబ్బుకి రండి."

* * *

శనివారం సాయంత్రం లాకర్ల గదిలో నలుగురూ బెంచీల మీద కూర్చున్నారు. లాయరు ఇస్తానన్న రాకెట్ ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది. మొదట మేనేజరుకి ఇచ్చింది.

"పట్టుకోండి. ఎలా ఉంది?"

"ఏదో గరుకు గరుగ్గా గీరుకుంటోంది."

"మీరు?"

షాపాయన పట్టుకుని, పిడిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. లాయరు వైపు ఓరగా చూశాడు.

"చెప్పండి."

"ఎదురు చుట్టు మేడమ్. కుడిచేతి వాళ్ళకి టేపు ఒక వైపుకి తిప్పి చుడతాం. ఎడమచేతి వాళ్ళకి దానికి ఎదురుగా. లేకపోతే అంచు అరచేతికి తగిలి లేచిపోతుంది. ఇది ఎడమచేతి వాళ్ళ కోసం చుట్టింది."

"లాయరుగారూ, మీది ఏ చెయ్యి?"

"కుడి," అన్నాడు లాయరు.

"చిన్న తల, దగ్గర తీగలు. అనుభవమున్న ఆటగాడు ఏరుకునే రాకెట్. బరువు మాత్రం తక్కువ. మీరు పెద్ద తల రాకెట్ తప్ప పట్టరు. మరి ఈ పాత రాకెట్ మీ కార్లోకి ఎలా వచ్చింది? దానికి ఎడమచేతి చుట్టు ఎవరు చుట్టారు? లాకరు తాళంచెవి ఎవరి కార్లో ఉండిపోయింది?"

బయట ఎవరో గోడకి బంతి కొడుతున్న చప్పుడు.

"డాక్టరుగారూ, గురువారం మీరు దీన్ని ఒక్కసారి పట్టుకుని ఉంటే కేసే ఉండేది కాదు. మీ కోసం చుట్టిందని మీ చేతికే తెలిసేది."

డాక్టరు రాకెట్ వైపు చూడలేదు. బావమరిది వైపు చూశాడు. "ఏరా?"

"నీ రాకెట్లకి ఇన్నేళ్ళూ టేపు చుట్టింది నేనే కదా బావా. నా పాతదని చెప్పాలంటే కుడిచేతి చుట్టే చుట్టాలని తోచలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది."

"కొన్నావా?"

"పై ఊరెళ్ళి. నాలుగు షాపులు తిరిగా. నీ ఆట పోకూడదు, చెయ్యీ పోకూడదు. అలాంటిది దొరకడం ఎంత కష్టమో నీకేం తెలుసు! ఆసుపత్రిలో తలుపు ఓరగా తీసి ఉంది బావా. అంతా విన్నా."

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఏమంటావు? మానేస్తానంటావు. అవి కళ్ళ ముందుంటే నువ్వు ఇంకోటి ముట్టవు. రెండు వారాలు దీంతో అలవాటైతే తెచ్చిచ్చేద్దామనుకున్నా." ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి బెంచీ మీద పెట్టాడు. "అక్క పోయాక మన మధ్య మిగిలింది ఈ పొద్దుటి గంటే. మిగతా రోజంతా నాతో మాట్లాడేది కోర్టులో జడ్జీ ఒక్కడే. అదీ వాయిదా వేయడానికి."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "రెండు రాత్రులు నాకు నిద్ర లేదు సార్. దొంగ ముద్రతో ఉద్యోగం ఊడుతుందని..."

"తప్పే. మీకు చేతులెత్తి దణ్ణం పెడతా," అన్నాడు లాయరు. పెట్టాడు కూడా.

ఆయన కారు దగ్గరికి వెళ్ళి మూడు రాకెట్లూ తెచ్చాడు. మూడూ మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. డాక్టరు వాటిని అందుకున్నాడు. ఎడమచేత్తో అందుకోబోయి, కుడిచేతికి మార్చుకున్నాడు. లాకర్లో పెట్టి తాళం వేశాడు.

"కంప్లయింటు వెనక్కి తీసుకుంటాను మేడమ్."

"ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాడు. మేనేజరు, షాపాయన వెళ్ళిపోయారు. బయట బంతి చప్పుడు కూడా ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ కాగితాలు సర్దుకుంటూ అవసరం కన్నా ఎక్కువసేపు ఉండిపోయింది.

లాయరు కొత్త రాకెట్‌ని బావ పక్కన బెంచీకి ఆనించాడు.

"రేపు ఎనిమిదింటికి ఫైనల్. వస్తావా బావా?"

డాక్టరు మోచెయ్యి నిమురుకుంటూ ఖాళీ కోర్టు వైపు చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాకా వచ్చి ఆగింది. తర్వాత ఇంక ఆగడం బాగుండదని బయటికి నడిచింది.

ఏడింటికి స్టేషన్లో కేసు మూసేసింది. బావమరిది అడిగినదానికి డాక్టరు అప్పటికింకా జవాబు చెప్పలేదు.