తగువు తేలని పాట

ఉదయం ఎనిమిదిన్నరకు కాకినాడ మెయిన్‌రోడ్డు జనంతో కిటకిటలాడుతోంది. అయినా పెద్దగా చప్పుడు లేదు. చేపల బుట్ట దింపుకుంటున్న ఒకావిడ మండుటెండలో వాన పాటేదో వింటున్నట్టుంది, కొంగు తల మీదికి లాక్కుని తనలో తాను నవ్వుకుంటోంది. బస్సు కోసం నిలబడ్డ పెద్దాయన వేళ్లు గొడుగు పిడి మీద తాళం వేస్తున్నాయి. ఎవరి పాట వారిది. పక్కవాళ్లు ఏం వింటున్నారో తెలుసుకోవలసిన అవసరం ఊళ్లో ఎవరికీ లేకుండా పోయి చాలా కాలమైంది.

కుందన వాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి గాన భాండాగారం మెట్లెక్కింది. అందరికీ ఉన్నట్టే ఆమె చెవి వెనకా చెవిగింజ ఉంది. కందిబద్దంత ఉండే ఆ పరికరం మనిషి నాడినీ ఊపిరినీ గమనించి, ఆ క్షణానికి నప్పే పాత పాటను వెతికి ఆ ఒక్క మనిషికే వినిపిస్తుంది. గ్రామఫోను కాలం నుంచి ఫోన్ల కాలం దాకా జనం నోళ్లలో నానిన పాటలన్నీ భాండాగారంలో చేరాయి. వాటిని నాలుగు వందల పన్నెండు అరలుగా విడదీశారు. వాన పాటలు, పడవ పాటలు, జోల పాటలు, అలక పాటలు, ప్రయాణం పాటలు, వెన్నెల పాటలు... ఏ పాట ఏ అరలో ఉండాలో నిర్ణయించే యంత్రం పేరు వర్గసూచి.

వర్గసూచి ఎవరితోనూ వాదించదు. ఎవరైనా ‘ఇది జోల పాట కాదు, పడవ పాట’ అంటే, వాళ్ల అరల్లో దాన్ని పడవ పాటగా మార్చేస్తుంది. మిగతావాళ్లకు జోల పాటగానే ఉంచుతుంది. అందుకే పాటల గురించి మనుషులు పోట్లాడుకోవడం మానేశారు. దాన్ని తయారు చేసినవాళ్లు ఆ సంగతి గర్వంగానే చెప్పుకునేవారు.

ఒక్క చోట మాత్రం మనిషి ప్రమేయం మిగిలింది. ఒకే కుటుంబంలో ఇద్దరు ఒకే రోజు ఒకే పాటను రెండు వేర్వేరు అరల్లోకి మార్చమంటే, వాళ్ల గింజలు తారుమారయ్యాయేమో చూడాలి. ఆ ఇద్దరినీ పిలిపించి, గింజలు తీయించి, పాటను గదిలో బాహాటంగా వినిపించి, ఏ అరో తేల్చాలి. కుందన ఉద్యోగం అదే. శ్రవణాధికారి అంటారు. మూడేళ్లలో పదకొండు తగువులు వచ్చాయి. తొమ్మిదింట్లో గింజలే మారిపోయాయి. ఇంత చిన్న పనికి ఒక గదీ ఒక మనిషీ దండగని పైవాళ్లకు తోచింది. డిసెంబరులో గది మూసేసి ఆమెను వేరే పనికి పంపుతామని కబురు కూడా వచ్చింది. కుందన దాని గురించి పెద్దగా బాధపడలేదు. ఆ గదిలో తననెవరూ పలకరించరు, తానూ ఎవరినీ పలకరించదు.

ఆ రోజు పన్నెండో తగువు వచ్చింది.

లోవరాజుకు డెబ్బై దాటాయి. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఆయన భార్య హారిక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఇద్దరూ వచ్చి మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. కోపంగా ఉన్నట్టు లేరు. ఒకరికొకరు తెలియకుండా ఒకే బస్సెక్కిన ఇద్దరు మర్యాదస్తుల్లా ఉన్నారు.

కుందన గింజలు తీసుకుని పరీక్షించింది. ఎవరిది వారిదే. తారుమారు కాలేదు.

“వర్గసూచి దీన్ని వాన పాటల్లో పెట్టిందండి. మీరేమో ప్రయాణం పాటన్నారు,” అంది లోవరాజుతో.

“ఆయ్. వాన సంగతి నాకు తెలీదండి. పెళ్లయిన వారానికి మేమిద్దరం మారేడుమిల్లి వెళ్లాం. బస్సులో డ్రైవరు వేశాడు ఈ పాట. అప్పటికే పాత పాటది. ఇది వింటుంటే ఇప్పటికీ నాకు ఆ ఘాట్‌రోడ్డు మలుపులే కనపడతాయి.”

“మరి మీరు అలక పాటన్నారేంటమ్మా?”

“అలక పాటే కాబట్టి,” అంది హారిక.

లోవరాజు ఆమె వైపు తిరిగాడు. “అందులో అలిగిందెవరు?”

“నేను.”

హారిక భర్తతో కాక కుందనతోనే చెప్పడం మొదలుపెట్టింది.

“రంపచోడవరంలో బస్సు ఆగిందమ్మాయ్. ఈయన దిగి ఇడ్లీలు తినొచ్చారు. నేను తిన్నానా లేదా అని అడగలేదు. పెళ్లయి వారం. నోరు తెరిచి అడగడానికి నాకు మొహమాటం.”

“పడుకున్నావనుకున్నాను,” అన్నాడు లోవరాజు.

“కళ్లు మూసుకున్నాను. పడుకోలేదు.”

“నీకు కోపమొచ్చిందని నాకు తెలీనే తెలీదు.”

“వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. నలభై నాలుగేళ్లయింది.”

“పోయిందా? ఎప్పుడు?”

“డ్రైవరు ఆ పాట వేశాడు కదా. మీరు దాంతో పాటు కూనిరాగం అందుకున్నారు. రెండో చరణం దగ్గర శ్రుతి ఎటో వెళ్లిపోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక ఇంకేం అలుగుతాను?”

లోవరాజు తన అరచేతులు చూసుకున్నాడు.

ఇద్దరూ ఒకే రోజు ఎలా అడిగారని కుందన ఆరా తీసింది. ఆ వారంలోనే వాళ్ల పెళ్లిరోజు వచ్చింది. ఆ సాయంత్రం రెండు గింజలూ తేదీ లెక్క చూసుకుని ఇద్దరికీ అదే పాట వినిపించాయి. ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని, రెండోవాళ్లు వింటున్నారని తెలియకుండా, ఇద్దరూ ఆ పాట విన్నారు. విని, ఎవరికి వారు అర మార్చమని కోరారు.

నియమం ప్రకారం ఇప్పుడు పాట వినిపించాలి. గోడకున్న పాత స్పీకరులో ముందు వేణువు పలికింది, ఆ తర్వాత ఒక ఆడగొంతు, దాని వెనకే మగగొంతు. బయట గాలిలో పాట వినడం కుందనకు ఎప్పుడూ కొంచెం వింతగానే ఉంటుంది. చెవిలో వినే పాట మనిషి లోపల నుంచి వచ్చినట్టుంటుంది. ఇది గది నిండా పరుచుకుని అందరినీ ఒకేసారి తాకుతుంది.

మొదటి చరణం అయ్యేదాకా లోవరాజు బిగుసుకుని కూర్చున్నాడు. రెండో చరణంలో ఆయన గొంతు మెల్లగా కదిలింది. మొదట గురగురలా, తర్వాత రాగంలా. పైస్థాయికి ఎక్కవలసిన చోట ఎక్కలేక పక్కకు జారిపోయింది.

హారిక పాట వినడం లేదు. ఆయన్నే వింటోంది. పెదవులు బిగబట్టింది గాని భుజాలు అదురుతున్నాయి. చివరికి పైకే నవ్వేసింది.

“అదేనమ్మాయ్. సరిగ్గా అక్కడే,” అంది కళ్లు తుడుచుకుంటూ. “ఎనిమిదేళ్లయింది ఈ గొంతు విని. స్నానానికెళ్లినా, కొబ్బరికాయ కొట్టినా ఏదో ఒకటి పాడుతూనే ఉండేవారు. గింజ పెట్టుకున్నాక ఆగిపోయింది.”

“చెవిలో అంత బాగా పాడుతుంటే నేనెందుకు పాడాలి?” అన్నాడు లోవరాజు. సమర్థించుకోవడానికే మొదలుపెట్టాడు గాని, మాట ముగిసేసరికి అది నిజంగానే అడిగినట్టయింది.

“నాకోసం,” అంది హారిక.

ఆయన లేచి మధ్య కుర్చీలోకి మారాడు.

కుందన ముందు దస్త్రం తెరిచి ఉంది. ప్రయాణమా, అలకా అన్నది రాసి సంతకం పెడితే పని అయిపోతుంది. ఆమె కాసేపు ఆలోచించి, ‘తేలలేదు. వచ్చే గురువారం మళ్లీ విచారణ’ అని రాసింది. నియమాల్లో అందుకు అవకాశం ఉంది. ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు, అంతే.

వాళ్లిద్దరూ ఆ గురువారమూ వచ్చారు, ఆ పై గురువారమూ వచ్చారు. అలకా ప్రయాణమా అన్నది అలాగే ఉండిపోయింది గాని, ఆ బస్సులో జరిగిన సంగతులు మాత్రం ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మూడోసారి హారిక టిఫిన్ క్యారియర్‌లో ఇడ్లీలు తెచ్చి కుందనకు కూడా పెట్టింది. నాలుగోసారి వాళ్ల పక్కింటి అత్తాకోడళ్లు ఒక జోల పాట మీద తగువు పెట్టుకుని వచ్చారు. తర్వాత జగన్నాథపురం నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ఒక పడవ పాటను అన్నేమో నాన్న పాటన్నాడు, తమ్ముడేమో అమ్మ పాటన్నాడు. వర్గసూచిలో ఆ రెండు పేర్లతోనూ అరలు లేవు. ఇంకో నెల తిరిగేసరికి గది బయట బల్లలు వేయవలసి వచ్చింది. లోపలికి వెళ్లేవాళ్లు వాదించుకుంటూ వెళ్లేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు పాడుకుంటూ వచ్చేవాళ్లు. ఎవరి శ్రుతీ సరిగా ఉండేది కాదు.

మూడు నెలల్లో నూట అరవై తగువులయ్యాయి. గది మూసే మాట పక్కకుపోయింది. వర్గసూచిలో ఏదో లోపం తలెత్తిందని పైవాళ్లు కంగారుపడి నిరంజన్ అనే ఇంజనీరును పంపించారు. అతను మూడు రోజులు యంత్రాన్ని విప్పి చూశాడు, లెక్కలన్నీ సరిచూశాడు. నాలుగో రోజు కుందన గదికి వచ్చాడు.

“యంత్రంలో తప్పేమీ లేదండి. ఒక్క పాట కూడా తప్పు అరలో లేదు. మరి ఇంతమంది ఎందుకొస్తున్నారో నాకు అర్థం కావట్లేదు.”

“లోపల కూర్చుని వినండి. తెలుస్తుంది,” అంది కుందన.

అతను మూలన కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం నాలుగు తగువులు విన్నాడు. ఏదీ తేలలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా అతను లేవలేదు. చెవి వెనక నుంచి గింజ తీసి చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

“మా అక్కతో మాట్లాడి ఆరేళ్లయింది,” అన్నాడు చివరికి. “గొడవేం జరగలేదు. పలకరించుకోవడానికి పనే పడలేదు. చిన్నప్పుడు మేమిద్దరం ఒక పాట పాడేవాళ్లం. అది వెన్నెల పాటని వర్గసూచి అంటోంది. మాకది కరెంటు పోయినప్పటి పాట. నేను వెన్నెల పాటేనంటే ఆవిడ ఒప్పుకోదు, తగువుకొస్తుంది. పిలిపిస్తారా?”

కుందన కొత్త దస్త్రం తీసి కలం పట్టుకుంది.

“ఏ పాట?” అని అడిగింది.

అతను పేరు చెప్పబోయి ఆగాడు. పేరు గుర్తురాలేదు. కాసేపు తడుముకుని, గొంతు సవరించుకుని, మెల్లగా పాడటం మొదలుపెట్టాడు.