నెమరెయ్యని గొర్రె

...ఆఁ, జీనతక్కా, ముందుగాల నన్ను మాఫ్ చెయ్యి. "బుక్కు సదివినవా మల్లీశ్వరీ, ఎట్లుంది?" అని నువ్వు బుధవారం అడిగినవ్. ఇయ్యాల ఐతారం. నాలుగు దినాలాయె, జవాబియ్యకపోతి. మర్చిపోయి గాదు. ఏడికెల్లి మొదలువెట్టాల్నో తెలుస్తలేకుండె. చిన్నగ చెప్పుడు నాకు రాదని నీకెరుకనే, జర ఓపికవట్టి ఈ వాయిస్ మెసేజి మొత్తం ఇను. ఆఖర్ల నిన్నొకటడుగుత. దానికి జవాబు నాకు ఇయ్యాల్నే గావాలె. ఆజం భాయి వచ్చేలోపల గావాలె. ఎందుకో చెప్త.

నువ్వు జడ్చర్లల దారాలు, చీర ఫాల్సులు అమ్ముకుంట ఓ మూలకు కిరాయి బుక్కులు వెట్టినవ్ గద. నా దారాల కట్టల ఓ సన్న బుక్కు వెట్టి మిడ్జిల్ బస్సు కండక్టరుకు ఇచ్చుడు నీ అలవాటాయె. స్టేజి కాడ నిలవడి తీస్కొనుడు నా అలవాటాయె. ఠాణల ఉండి దొంగల పట్టే బల్లి కథ నువ్వు పంపిందే. బస్సు పాసు కోసం లైన్ల నిలవడే బర్రె దెయ్యం కథ నువ్వు పంపిందే. మిల్లుల డ్యూటీ చేసే ఎలుగుబంటి కథ సదివి రెండు దినాలు నవ్వినం, రెండు దినాలు తలుపు గడియ ఎక్కువేసినం.

నవ్వినం అంటే నేను, మా అత్త. అత్త సుక్కమ్మకు సదువు రాదు గద. పొద్దుమీకి కుట్టుమిషన్ ఆపి నేను సదువుతుంటే గడప మీద కూసోని ఆకువక్క నములుకుంట ఇంటుండె. "బర్రె దెయ్యమైతే మంచిదే గదనే పిల్లా, గడ్డి కోసే బాధ దప్పుతది" అనె. మా అత్త నోట్లె ఆకు లేని గడియ నేను చూడలే అక్కా. నిద్రల గూడ దవడ ఆడుతనే ఉంటది. మా ఆయన గోపాల్ "గొర్లతోని తిరిగి తిరిగి మా అమ్మ గూడ నెమరేస్తుంది" అని మజాక్ జేస్తుండె.

ఈ మాట యాదుంచుకో.

మొన్న సోమవారం నువ్వు పంపిన బుక్కు, "మందలో ఒకటెక్కువ" అన్నది. అట్ట మీద గొర్రె బొమ్మ. కండ్లున్నయి, చెవులున్నయి. నోరు గీయలే. గీసుడు మర్చిపోయిండ్రనుకున్న. లోపల ఆఖరి కాయితాలు రెండు పైన అంటుకోనే ఉన్నయి, ప్రెస్సోళ్లు కోయలే. తర్వాత కత్తెరతోని కోసుకుందాంలే అని పక్కకువెట్టిన.

మంగళవారం మా అత్త కుడి కంటికి ఆపరేషన్. పొర వచ్చింది గద. మా ఆయన తోల్కపోయిండు పాలమూరు దవాఖానకు. మూడు దినాలు గొర్లు నా మెడకే. మా అత్త బస్సెక్కుకుంట గూడ ఒక్కటే మాట. "పిల్లా, తలకాయలు లెక్కవెట్టకు. మొకం జూడు."

మా ఇండ్లల్ల మందను లెక్కవెట్టరు అక్కా. పొద్దుమీకి దొడ్డి తడక కాడ మా అత్త నిలవడుతది. ఒక్కొక్కటి లోపలికి వోతుంటే ఈపు మీద చెయ్యి ఆనిచ్చి, "నువ్వొచ్చినవా... నువ్వొచ్చినవా..." అంటది. బొల్లిది, కుంటిది, నామం బొట్టుది, అన్నిటిని మనిషిని గుర్తువట్టినట్టు పడ్తది. ఒక్కటి తక్కువైతే చెయ్యికి తెలుస్తదట. అసలు మా అత్తకు ఇరువై దాటి లెక్కనే రాదు.

నాకు మొకాలేం తెలుస్తయి? నాకు అన్ని ఒక్కతీరే. పోతే ఎట్ల, కుక్కలు వడితే ఎట్ల అని భయమయ్యి, మంగళవారం పొద్దుగాల తడక తీసుకుంట లెక్కవెట్టిన. నలభై రెండు. పొద్దుమీకి నలభై రెండు. మస్తు ఖుషీ అయిన.

బుధవారం పగటీలి గుట్ట కింద బండ నీడకు మంద పండింది. ఎండ. ఎక్కడ సప్పుడు లేదు, అవి నెమరేసే సప్పుడు తప్ప. ఏం తోచక మల్ల లెక్కవెట్టిన.

నలభై మూడు.

మల్ల వెట్టిన. నలభై మూడే.

పక్క చెల్కల కాటమయ్య మామ మంద ఉండె. "మామా, నీదేమన్న ఒకటి మా దాంట్ల కలిసిందా?" అంటే, "నావి నాకాడున్నయి కోడలా. పోయిందని అడిగేటోళ్లను జూసిన గని ఎక్కువైందని ఏడ్చేదాన్ని నిన్నే జూస్తున్న" అని నవ్విండు. నాకు ఆయన మీదనే అనుమానమొచ్చింది, రోగం గొర్రెను మా దాంట్ల తోలిండేమో అని. చెవులు జూసిన. ప్రతి మందకు చెవి గాటు వేరే ఉంటది గద. నలభై మూడింటికి మా గాటే ఉంది.

నీడకు కూసోని ఆ బుక్కు తీసిన. అండ్ల ఓ గొర్ల కాపరి కుక్క ఉంటది, ఒక చెవి తెగింది. ఊర్ల దొంగతనాలన్ని అదే పడ్తది. ఈసారి దొంగతనం జరగలే. మందల ఒకటి ఎక్కువైతది. అందరు ఖుషీగుంటరు. కుక్క ఒక్కటే అంటది, "పోయినదాన్ని అందరు ఎతుకుతరు. వచ్చినదాన్ని ఎవరు ఎతుకుతరు?"

అక్కా, ఆ ముక్క రెండుసార్లు సదివిన.

నువ్వే ఏమన్న తమాషా జేస్తున్నవా అని గూడ అనుకున్న, అబద్ధమెందుకు. మా ఇంటి సంగతులు నీకే ఎక్కువ తెలుసు. కోపం జేయకు.

ఆ కుక్క ఎట్ల పడ్తదంటే, వచ్చింది గడ్డి మేయదు, గందుకే దానికి నెమరు లేదు. మనం చూస్తుంటే దవడ ఆడిస్తది. చూడకుంటే ఆపేస్తది. నేను చూసిన. అన్ని నములుతున్నయి. మరి చూడనప్పుడెట్ల తెల్వాలె? ఫోన్ల వీడియో వెట్టి, రాయికి ఆనిచ్చి, అటు దిరిగి తుమ్మచెట్టు దాంక వోయి వచ్చిన.

వీడియో చూసిన. అన్ని నములుతున్నయి. నడుమ ఒకటి... నోరు మూస్కోని ఉంది. నేను పోతున్న దిక్కు చూస్తుంది. కొంచెంసేపటికి మెల్లగ మెడ దిప్పింది. ఫోను దిక్కు చూసింది.

దవడ ఆడిచ్చుడు మొదలువెట్టింది.

ఆ వీడియో నీకు పంపుదామని చూసిన, ఫోన్ల లేదు. నేనైతే తీసెయ్యలే.

బేస్తారం పగలు మూడింటికి మా అత్త, మా ఆయన బస్సు దిగిండ్రు. అత్తకు నల్లద్దాలు. మబ్బువట్టి పొద్దున్నట్టే లేదు. వాన మొదలైందని మందను జల్దీ తోలుకొచ్చి రేకుల కప్పు కిందికి తోలిన. మా ఆయన చాయ్ తాగుతుంటే మెల్లగ అత్త చెవుల చెప్పిన.

"అత్తా, మందల ఒకటి ఎక్కువుంది."

"లెక్కవెట్టినవా?"

నేను తల వంచుకున్న.

అత్త తిట్టలే. అదే నాకు భయమైంది. నోట్ల ఆకు ఉమ్మేసి లేసింది. "లెక్కవెట్టేటోళ్లకు మొకం యాదుండదు పిల్లా. అది ఆ సందుల్నే దూరుతది" అన్నది. ఈ మాట బుక్కుల గూడ ఉంది అక్కా. పదకొండో పేజీల. ఆ పేజీ నేనామెకు సదివి వినిపియ్యనే లేదు.

"దుమ్ముల పోవద్దన్నడు డాక్టరు" అన్న.

"నేను మొకం జూస్త. నువ్వు బయటనే ఉండు."

తడక తీసుకోని లోపలికి వోయింది. నేను ఫోను లైటు వట్టుకోని బయట నిలవడ్డ. రేకుల మీద వాన దంచుతుంది. తడిసిన బొచ్చు వాసన, పెంటికల వాసన. లోపల ఏం కనవడ్తలే. అత్త గొంతు మాత్రం ఇనవడుతుంది. "నువ్వొచ్చినవా... నువ్వొచ్చినవా..." ఎనక నలభై నోర్లు నమిలే సప్పుడు. కర కర కర.

"నువ్వొచ్చినవా... నువ్వొ..."

ఆగింది.

నెమరు సప్పుడు గూడ ఆగింది.

అన్ని ఒక్కసారే... వాన ఒక్కటే.

"అత్తా..."

తడక మీద తట్టిన.

"అత్తా, దొరికిందా?"

లైటు లోపలికి కొట్టిన. అన్ని కండ్లు మెరిసినయి. అత్త కనవడలే. గప్పుడు మల్ల మొదలైంది, కర కర కర... ఆ నడుమకెల్లి అత్త నడుసుకుంట వచ్చింది. నల్లద్దాలు గట్లనే ఉన్నయి.

"అన్ని మనయే" అన్నది. "నలభై మూడు. సరిపోయినయి."

నలభై మూడు అన్నది అక్కా.

శుక్రవారం పొద్దుగాల నా కత్తెర తీసి ఆ ఆఖరి కాయితాలు కోసిన. రెండే ముక్కలున్నయి. మంద లెక్క సరిపోయిందని అందరు నిమ్మళంగ పండుకుంటరు. కుక్క గడప బయట కూసోని అంటది, "ఇగ నేను ఇంట్లోళ్లను లెక్కవెడుతున్న." అంతే. అయిపోయింది. కింద పేరు లేదు, నంబరు లేదు.

గా దినమే మల్ల గుట్టకు తోల్కపోయిన. ఫోను వెట్టిన, చెట్టు దాంక వోయి వచ్చిన. నలభై మూడున్నయి. నలభై మూడు నములుతున్నయి. చూసినా, చూడకున్నా. అండ్ల ఒకటి కుడి కంటికెల్లి నీళ్లు కారుతున్నయి. ఆ కన్ను సగమే తెరుస్తది. పొద్దుమీకి దొడ్డికి తోలిన గద... అది అన్నిటికంటె ముందు ఉరికొచ్చి తడక కాడ నిలవడ్డది. లోపలికి వోలే. ఒక్కొక్కటి వోతుంటే... దాని మూతి ఒక్కొక్కదాని ఈపు మీద ఆనిచ్చుకుంట... అన్ని వోయినంక అది వోయింది.

నేనేమంటలే అక్కా. చూసింది చెప్తున్న.

ఇంట్ల అత్త కంట్ల చుక్కల మందు వేద్దామంటే వద్దంటది. అద్దాలు తీయదు. ఆకు మడిచిస్తే నోట్ల వెట్టుకుంటది. నేను బట్ట కుట్టుకుంట ఎదురుంగ ఉన్న అద్దంల చూస్త. దవడ ఆడది. తిరిగి చూస్త. ఆడుతది.

మా ఆయనకు చెప్పిన. "ఆపరేషన్ అయిన మనిషి, నీర్సముంటదే. నువ్వా దయ్యాల బుక్కులు సదువుడు బంజెయ్" అని నవ్విండు. నిన్న రాత్రి బువ్వ కాడ ఆయనే మాట తీసిండు. అమ్మకు చూపొచ్చింది, చుట్టాలకు దావత్ ఇయ్యాలె, మందల ఒకటెక్కువనే ఉందాయె అని. అత్త గా మాటకు చటుక్కున తలెత్తింది.

"ఆ కంటికి నీళ్లు కారేదాన్ని కొయ్యుండ్రి" అన్నది.

మా అత్త అక్కా! తన మందల గొర్రెను కోసిన దినం ఊర్లె ఉండదు. చెల్కకు వోయి కూసుంటది. ఆ కూర ముట్టదు. ముప్పై ఏండ్లకెల్లి చూస్తున్న నేను.

పొద్దుగాల "ఆ గొర్రె వద్దయ్యా, ఇంకోటి కొయ్యి" అని కాళ్లు వట్టుకున్నంత పని జేసిన. "రోగం రాకముందే కోసుకోవాలె. ఊకో" అన్నడు. కోసెతందుకు ఆజం భాయిని రమ్మని ఫోన్ జేసిండు. గందుకే అక్కా, నేనడిగేది గిదే. ఆ బుక్కు నీకు ఎవలిచ్చిండ్రు? వాళ్లను వట్టుకో. మల్ల ఎనుకకు మర్లిచ్చే ఉపాయం ఉందా అని అడుగు. ఇంకో కాయితం ఏమన్న చినిగిపోయిందా అని అడుగు. అబద్ధమైతే అబద్ధమని చెప్పమను, నేను నవ్వుకుంట. గని అది నిజమైతే వాకిట్ల ఏపచెట్టుకు కట్టేసిన ఆ గొర్రె...

ఆగు. బండి సప్పుడు.

ఆజం భాయి వచ్చిండు. కత్తి సంచి దీస్తుండు. జీనతక్కా, నాకు కిటికీలకెల్లి మొత్తం కనవడుతుంది. అది కొట్లాడ్తలే. అరుస్తలే. ఇటే చూస్తుంది, నా దిక్కే, ఆ ఒక్క కంటితోని. కాళ్లు మా ఆయన వట్టుకుంటడనుకున్న... అత్త వట్టుకున్నది. కూసోని, రెండు చేతులతోని గట్టిగ వట్టుకున్నది. నేనింకా చూస్తనే ఉన్న... చూస్తనే ఉన్నగని అత్త దవడ ఆడ్తలేదు అక్కా, ఇగ ఆడిచ్చే అవసరం లేనట్టు నన్నే చూసి...

"మల్లీ! నెత్తురు పట్టెతందుకు గిన్నె దే, జల్దీ!"

ఆఁ... వస్తున్నయ్యా...