నతానియేలు గారి డిఫాల్ట్

పొద్దున గన్నవరంలో మా చెల్లి సింధూరిని పెళ్ళికూతుర్ని చేశారు. ఆ ఫోటోలు రేపు పెళ్ళిలో స్క్రీన్ మీద వేయాలి. అందుకే మధ్యాహ్నం వానలోనే ఆటోనగర్ దగ్గరున్న మా స్టూడియోకి వచ్చి, ఒక్కదాన్నే కూర్చుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. ఫోటోలు తీసేది మా ఆయన చక్రి. వాటికి అందం తెచ్చేది నేను. ఆ సంగతి ఆయన ఒప్పుకోడనుకోండి.

కెమెరాలోంచి ఉన్నదున్నట్టు వచ్చే 'రా' ఫోటో అంటే పోపు పెట్టని పప్పు. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కగానే, మనం ముందే పెట్టుకున్న డిఫాల్ట్ సెట్టింగులు దాని మీద వాటంతటవే పడతాయి. ఈ కెమెరా, ల్యాప్‌టాప్ రెండూ కంకిపాడులో ఫోటోలు తీయడం మానేసిన నతానియేలు గారి దగ్గర ఈమధ్యే కొన్నాం. ఆయన ఈ ఒక్క కెమెరాకి విడిగా ఒక డిఫాల్ట్ పెట్టుకున్నారు. నీడ ఉన్నచోటల్లా తారు పూసినట్టు నల్లగా అయిపోతుంది. దాన్ని మార్చొద్దని చక్రికి మరీమరీ చెప్పారట. పెద్దాయన చాదస్తం అని ఇద్దరం నవ్వుకున్నాం.

తీరా చూస్తే చెల్లి ముఖం సగం నలుపులో కలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ డిఫాల్ట్ తీసేసి ఫోటోలన్నీ మళ్ళీ ఎక్కించాను.

ఒక్కొక్కటే తేటపడ్డాయి. పీట మీద సింధూరి, బుగ్గలకి పసుపు, చుట్టూ ముత్తైదువులు. వెనక గది గుమ్మంలో ఒకావిడ.

మా పిన్ని అనుకున్నాను. కాదు. చీర తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పొద్దున హారతి పళ్ళెం పట్టుకుని ఆ గుమ్మంలో తిరిగింది నేనే. అక్కడ ఎవరూ లేరు.

తర్వాతి ఫోటోలో ఆవిడ గుమ్మం దాటింది. ఆ తర్వాతి దాన్లో పీట వెనక ఉంది. చివరి ఫోటోలో... ఆవిడ చెయ్యి చెల్లి ఎడమ భుజం మీద ఉంది.

స్టూడియోలో కాలవ బురద వాసన. వాన కదా అని సర్దిచెప్పుకున్నాను. మళ్ళీ మొదటి ఫోటోకి వెళ్ళాను.

గుమ్మం ఖాళీ. రెండోదీ ఖాళీ. చివరి దాన్లోనూ... లేదు.

భయంతో నతానియేలు గారికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"తీసేశావా అమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"నల్లగా వస్తున్నాయని తీశానండీ. ఎవరండీ ఆవిడ? మీకు కనబడకూడదనే ఆ నలుపు పెట్టుకున్నారా?"

"నాకు కనబడకూడదని కాదమ్మా. ఆవిడకి మనం కనబడకూడదని."

వెంటనే ఆ డిఫాల్ట్ మళ్ళీ పెట్టి, ఫోటోలన్నీ తీసేసి కొత్తగా ఎక్కించాను. నలుపు కమ్ముకుంది. ఇంత నలుపు చూసి సంతోషపడటం అదే మొదటిసారి.

అప్పుడు సింధూరి ఫోన్ చేసింది.

"అక్కా, చిత్రంగా ఉందే. స్నానానికని పసుపు రాసుకుంటుంటే ఎడమ భుజం మీద ఒక్కచోట అంటుకోవట్లేదు. ఫోటో పంపాను చూడు."

పక్కన ఎవరున్నారని అడిగాను. గదిలో ఒక్కదాన్నేనని, గడియ కూడా పెట్టుకున్నానని చెప్పింది. బయటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చోమన్నాను. అవతల ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఫోటో తెరిచాను. పసుపు మధ్యలో నాలుగు వేళ్ళ ఆకారంలో ఒట్టి చర్మం. ట్యూబ్‌లైటు వెలుగులో గదంతా తెల్లగా ఉంది, ఎక్కడా నీడ లేదు. ఫోన్‌లో దాన్ని నల్లగా చేసే సెట్టింగ్ ఎక్కడుందో వెతుకుతున్నాను. ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటోంది.

ఈలోగా సింధూరి ఫోన్ నుంచి ఇంకో ఫోటో వచ్చింది.

అద్దం ముందు కూర్చుని, రెండు చేతులతో భుజానికి పసుపు రుద్దుకుంటోంది మా చెల్లి. ఫోటో వెనక నుంచి తీసింది.