ఆరని పూత

"ముట్టుకోకండి" అని మేస్త్రీ అనేలోపే ఆ అమ్మాయి వేలు పెట్టేసింది.

అప్పుడే ఎపాక్సీ జిగురు పూసి మోటారుకు తగిలించిన గాలం కర్ర అది. నెమ్మదిగా తిరుగుతోంది. రింగుల్ని పట్టి ఉంచే దారం చుట్ల మీద పూత అద్దంలా పరుచుకుంటోంది. దాని నడిమధ్యన ఇప్పుడు ఓ వేలిముద్ర.

"ఆరిందనుకున్నా."

"కళ్ళెక్కడ పెట్టుకొచ్చారండీ?"

"కళ్ళజోళ్ళ షాపులో. అక్కడ అద్దాలు అరగదీసేది నేనే. అయినా ఇది మా నాన్న కర్రే కదా, పాడైతే మాదే పాడైంది."

మేస్త్రీకి నవ్వొచ్చింది. నవ్వితే లోకువైపోతానని మొహం గంటు పెట్టుకున్నాడు. "గీకి మళ్ళీ పూయాలి. వచ్చే వారం రండి."

"తొందరగా చెయ్యండి. నాన్న చేతుల్లో పట్టు రోజురోజుకీ తగ్గిపోతోంది. పట్టుండగానే ఒక్కసారి నీళ్ళ దగ్గర కూర్చోవాలని ఆయన ఆశ. తేలిక కర్ర కావాలన్నది అందుకే."

మరుసటి వారం, అతను మళ్ళీ పూత పూసి కర్రను మోటారుకు తగిలిస్తుండగా, భూతద్దం పట్టుకుని వచ్చింది. "ఇక్కడో బుడగ ఉంది మేస్త్రీ."

"అది మీ అద్దం మీద మరక."

"మరకైతే పగలదుగా." వంగి మెల్లగా ఊదింది. టప్పున పగిలింది. వెచ్చటి ఊపిరి తగిలితే బుడగలు పోతాయని అతనే అంతకుముందు చెప్పాడు మరి.

బయట వాన పట్టుకుంది. తగ్గేదాకా ఉండిపోయింది. టీ తాగారు. కప్పు కడిగేలోపు మీరు కాస్తా నువ్వయింది. వాన వెలిశాక ఆమె వెళ్ళిపోతే గది బోసిపోయినట్టనిపించింది మేస్త్రీకి.

ఇక మిగిలింది ఆఖరి పూత. అది ఆరితే ఈ పిల్లకి ఇక్కడేం పని?

ఎపాక్సీలో రెజిన్ ఎంతో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అంత కలపాలి. తేడా వస్తే ఆ పూత ఏళ్ళు గడిచినా జిగురుగానే ఉంటుంది. ఆ సంగతి తెలిసిన చెయ్యే, హార్డెనర్ సగం దగ్గర ఆగిపోయింది.

"ఇంకా అంటుకుంటోందేంటి?" అంది, ఆ పై వారం వచ్చి.

"చలికి."

"నీ పూత కంటే మా మొండి అమ్మమ్మ నయం. బతిమాలితే వారంలోపు దారికొస్తుంది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. అతను గీకి మళ్ళీ పూశాడు. మళ్ళీ సగమే కలిపాడు.

ఆ తర్వాత వచ్చినప్పుడు ఆమె నవ్వలేదు. "నిన్న నాన్న చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఈసారైనా ఆరుతుందా?"

"ఆరుతుంది," అన్నాడు మేస్త్రీ. ఆమె వెళ్ళగానే జిగురంతా గీకి, స్పిరిట్‌తో తుడిచి, రెండు పాళ్ళూ సమంగా కొలిచి కలిపాడు. పొద్దుగూకేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. రెండు రోజులు ఆరనిచ్చి, తనే వాళ్ళింటికి పట్టుకెళ్ళాడు.

గుమ్మంలోనే ఆమె కర్ర అందుకుంది. వెలుతురుకి తిప్పి చూసింది. "ఎంత నున్నగా వచ్చిందో. మరి ఇన్నాళ్ళూ ఏమొచ్చింది దీనికి?"

చలి అనేస్తే సరిపోయేది. నోరు రాలేదు. "హార్డెనర్ తగ్గించి కలిపాను. రెండుసార్లు. ఆరిపోతే నువ్వు రావని."

పూత మీద ఆమె వేలు ఆగిపోయింది.

"ఆరినా వచ్చేదాన్ని," అంది.

తిట్టినా బాగుండేది. వెనక్కి తిరిగిపోబోతుంటే లోపలి నుంచి కేక. "ఎవరమ్మా అది? లోపలికి రమ్మను."

తండ్రి కుర్చీలో ఉన్నాడు. చేతి వెనక వైపుతో కర్రను పొడుగునా నిమిరాడు. "ఒక్కచోట గరుకు లేదయ్యా."

కూతురు పిడిని ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. తన చెయ్యి తియ్యగానే కర్ర ఆయన ఒళ్ళోకి జారింది.

"పర్లేదులే అమ్మడూ. చూస్తుంటేనే కడుపు నిండింది. ఎంత ఓపికుంటే ఇలా వస్తుంది." అతని వైపు చూసి కళ్ళు చికిలించి నవ్వాడు. "రోజూ చెప్తుంటావే, ఆ అబ్బాయి ఇతనేనా? నాకు నచ్చాడు."

మేస్త్రీ తలెత్తలేదు.

ఆమె తండ్రి ఒళ్ళోంచి కర్ర తీసి గోడకి ఆనించింది.

"కాదు నాన్నా," అంది. "ఇతను కర్ర ఇవ్వడానికొచ్చాడు."