మేకుకు వేలాడిన రొట్టె

ఆ జైల్లో నేలమాళిగకు దిగే మెట్లు పందొమ్మిది. మమాసాలి వాటిని పదకొండేళ్ళుగా ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. అడుగుల చప్పుడు లోపలివాళ్ళకు వినబడకూడదని కింద కాపలా కాసేవాళ్ళకు ఉన్ని బూట్లు ఇస్తారు. ఎండాకాలం వాటిలో పాదాలు ఉడికిపోతాయి. "నాది పిల్లి ఉద్యోగమే" అని ఇంట్లో పెళ్ళాం దగ్గర విసుక్కునేవాడు. పిల్లికి పెన్షన్ రాదులే, నోరు మూసుకుని వెళ్ళు అనేది ఆవిడ.

మరణశిక్ష పడ్డవాళ్ళను కింద ఉంచేవారు. ఎనిమిది గదులు, గదికో బల్బు. ఆ బల్బు రాత్రీ పగలూ వెలగాల్సిందే. పగలు మంచాన్ని గోడకు ఎత్తి గొలుసు వేస్తారు కాబట్టి నడుం వాల్చడానికి ఉండదు. పడుకున్నప్పుడు మొహం తలుపువైపే ఉండాలి, దుప్పటి ముసుగు పెడితే తిట్లు. ఎండా గాలీ ఎరగరు. మూలన బకెట్టు. పొద్దున బార్లీ గంజి, మధ్యాహ్నం క్యాబేజీ నీళ్ళు, సాయంత్రం మళ్ళీ గంజి. ఇవన్నీ మనిషన్నవాడు ఓర్చుకుంటాడు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. శిక్ష ఏ రోజో ఎవరికీ చెప్పరు. వేళకాని వేళ తాళం తిరిగిందంటే ఎనిమిది గదుల్లోనూ ఊపిరి ఆగిపోతుంది. ఎవరి గది ముందు ఆగారో తెలిశాక ఏడు గదుల్లో మళ్ళీ ఆడుతుంది.

కిందటేడు పత్తి తీతల కాలంలో, మధ్యాహ్నం గిన్నెలు తీసేసిన కాసేపటికి, మేజర్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని దిగాడు. ఆగింది ఆరో గది ముందు. అందులో ఉన్నది తుర్గున్. బజార్లో మాంసం కొట్టేవాడు, ఏనుగులాంటి మనిషి. ఏదో కొట్లాటలో ఇద్దరిని పొడిచి చంపాడు. అదే కొట్లాటలో వాడి పైపన్ను ఒకటి, సరిగ్గా ముందుది, ఊడిపోయింది. మేజర్ మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది. మంచం గొలుసును రెండు చేతులా పట్టుకుని కూచున్నాడు.

"గొడవైతే మిగతా ఏడుగురూ లేస్తారు" అన్నాడు మేజర్, మమాసాలి చెవిలో. "నీ మాట వింటాడు. ఆసుపత్రికని చెప్పు."

మమాసాలి చెప్పాడు. తుర్గున్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మమాసాలి ఒక పని చేశాడు. తన మధ్యాహ్నం మూటలోంచి పెళ్ళాం కాల్చిన గుండ్రటి రొట్టె తీసి వాడి నోటి ముందు పట్టాడు.

"కొరుకు తమ్ముడూ. సాయంత్రానికి వచ్చేస్తావు. మిగతాది నీకోసం దాచి ఉంచుతాను."

జైలున్న ఆ లోయలో పుట్టినవాళ్ళెవరికీ ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. కొడుకు సైన్యానికి వెళ్ళేటప్పుడు తల్లి ఇలాగే రొట్టె కొరికిస్తుంది. మిగిలిన రొట్టెను గోడకు తగిలిస్తుంది. దాన్ని ఇంకెవరూ ముట్టరు. అది వాడిది, వాడొచ్చి తినాలి, ఆ రొట్టే వాడిని వెనక్కి లాక్కొస్తుంది. మమాసాలి తల్లి కూడా అతనికి కొరికించింది, అతను తిరిగొచ్చి తిన్నాడు. ఆ రొట్టె పెట్టి అబద్ధమాడినవాడు మాత్రం అతనికి తెలిసి ఇంకొకడు లేడు.

తుర్గున్ రొట్టెను చూశాడు. మమాసాలి కళ్ళలోకి చూశాడు. నమ్మాడు. ఒక్క ముక్క కొరికి, గొలుసు వదిలి, నములుకుంటూ బయటికి నడిచాడు. "ఎలకలు ముట్టకుండా చూడు అన్నా" అని కూడా అన్నాడు. వెనక గేటు దగ్గర కిటికీల్లేని వ్యాను ఉంది. ఆ వ్యాను వాడిని ఎక్కడ దించిందో, ఎక్కడ పూడ్చారో మమాసాలికి తెలియదు. వాడి అన్నదమ్ములకూ తెలియదు. అలాంటివి ఎవరికీ చెప్పరు.

రొట్టె మిగిలిపోయింది. పారేయడానికి చేతులు రాలేదు, రొట్టెను పారేసే మనుషులు కారు వాళ్ళు. తినడానికి లేదు. రుమాల్లో కట్టి కాపలా గదిలో మేకుకు తగిలించాడు. నెలలు గడిచినా అది బూజు పట్టలేదు. ఎలకలూ ముట్టలేదు. కొరికిన చోట, ఊడిన పన్ను వదిలేసిన సన్నటి గట్టు ఒకటి నిలబడి ఉండేది. దాన్ని చూడకుండా టీ తాగడం అలవాటు చేసుకున్నాడు.

చలికాలంలో ఆరో గదిలోకి దోనియోర్ వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు. నేరం చేశాడో, తన్నులకు తాళలేక చేశానన్నాడో దేవుడికెరుక. మమాసాలిని మామా అని పిలిచేవాడు. రోజూ మధ్యాహ్నం గిన్నె కోసం తలుపుకున్న కంతలోంచి చెయ్యి చాపి ఒకటే అడిగేవాడు.

"మామా, నా కాయితం వచ్చిందా?"

"వస్తుందిలేరా. వచ్చేదాకా తిను."

"వస్తే ముందు నాకే చెప్పాలి మామా. మేజర్ కంటే ముందు."

కాయితం అంటే క్షమాభిక్ష. వసంతం మొదట్లో వాడి తల్లి సలోమత్ పార్సెళ్ళు తీసుకునే కిటికీ దగ్గర మమాసాలి చెయ్యి పట్టుకుంది. రాజధానిలో సంతకం అయిపోయిందట, కాయితం ఇక్కడికి చేరడానికి రెండు వారాలట. "ఆ రెండు వారాలు వాడిని బతికించి ఉంచు అన్నా. ఇంకేమీ అడగను" అంది.

మమాసాలి సరేనన్నాడు. ఆ సరే అతని మెడకు చుట్టుకుంది. ఎందుకంటే ఆ వారమే జైల్లో టైఫాయిడ్ పుట్టింది. పార్సెళ్ళు ఆపేశారు. గంజి ఇంకా పల్చబడింది. దోనియోర్‌కు ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. డాక్టరు పైమెట్టు మీద నిలబడి, కిందివాళ్ళకు మందెందుకయ్యా అని నవ్వి వెళ్ళిపోయాడు. మమాసాలి ఇంటి రొట్టె చాటుగా తెచ్చి టీలో నానబెట్టి పెట్టేవాడు. అది మాత్రమే వాడి గొంతు దిగేది.

ఎనిమిదో రోజు నుంచి గేటు దగ్గర అందరినీ సోదా చేసి రొట్టె లాక్కోవడం మొదలుపెట్టారు. పదో రోజుకు దోనియోర్ ఏమీ తినక రెండు రోజులైంది. తలుపు తీసి చూస్తే నేలమీద పడి ఉన్నాడు.

"మామా... ఇంటి రొట్టె..." అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

మమాసాలి కాపలా గదికి వెళ్ళి మేకు వంక చాలాసేపు చూశాడు. వచ్చేవాడెవడు దీనికోసం, అనుకున్నాడు. చచ్చినవాడి మాటకు బతికున్నవాడిని చంపుకోనా, అని కూడా అనుకున్నాడు. బిస్మిల్లా అని రొట్టెను వేడి టీలోకి విరిచాడు. కొరికిన అంచు కూడా అందులోనే పడింది. చెంచాతో ఒక్కొక్క ముక్కే పెట్టాడు. దోనియోర్ ఆబగా మింగాడు. అంతా తిన్నాడు. తలుపు తాళం వేసి, హమ్మయ్య అనుకున్నాడు మమాసాలి.

నడవ చివరిదాకా కూడా వెళ్ళలేదు.

వాసన వచ్చింది. తడి సున్నం వాసన... కొత్తగా తవ్విన మన్ను వాసన. అక్కడ పదకొండేళ్ళుగా బకెట్ల వాసన తప్ప ఇంకోటి ఎరగడు.

తర్వాత చప్పుడు. ఎవరో నేలను గోటితో మెల్లగా గీకుతున్నారు. ఆగి... మళ్ళీ గీకుతున్నారు. ఆరో గదిలోంచి.

ఉన్ని బూట్లతో వెనక్కి నడిచాడు. తన అడుగులు తనకే వినబడలేదు. తలుపుకున్న కన్నానికి కన్ను ఆనించాడు.

దోనియోర్ వెల్లకిలా పడి ఉన్నాడు. వాడి పక్కన ఇంకొకడు గొంతుక్కూచుని ఉన్నాడు. వెడల్పాటి వీపు. ఆ వీపు నిండా తడి మన్ను. వాడు దోనియోర్ చొక్కా మీద పడిన రొట్టె తునకలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటే... వేలితో అద్ది... నోట్లో పెట్టుకుంటున్నాడు. చొక్కా మీదవి అయిపోయాయి. నేల మీదవి గీకి తీశాడు. అవీ అయిపోయాయి. అప్పుడు దోనియోర్ నోటి మీదకు వంగాడు...

బల్బు ఆరిపోయింది.

పదకొండేళ్ళలో ఆ బల్బు ఆరడం అదే మొదటిసారి. మమాసాలి తాళం తీయబోయాడు. తాళంచెవికి బెజ్జం దొరకడం లేదు. చీకట్లో తలుపుకు అటువైపు, సరిగ్గా అతని మొహం ఎత్తులో, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఆలస్యమైంది అన్నా" అంది గొంతు, గుసగుసగా. "సాయంత్రానికే వద్దామనుకున్నా... దారి తెలియలేదు."

బల్బు వెలిగింది.

గదిలో దోనియోర్ ఒక్కడే ఉన్నాడు. గోడకు ఆనుకుని కూచుని, మూతి తుడుచుకుంటున్నాడు. జ్వరం లేదు. పక్కన ఎవరూ లేరు, మన్ను లేదు. నేల మీద ఒక్క తునక కూడా లేదు.

ఆ రోజు నుంచి వాడు కోలుకున్నాడు. బార్లీ గంజి గిన్నె నాకి మరీ ఇచ్చేవాడు. మమాసాలి తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. జ్వరాలు తన నెత్తికీ ఎక్కి ఉంటాయనుకున్నాడు. పిల్లవాడు బతికాడు, తల్లికిచ్చిన మాట నిలబడింది, అంతే చాలు అనుకున్నాడు. అయినా మధ్యాహ్నం గిన్నె అందించేటప్పుడు వాడి మొహం చూసేవాడు కాదు. వాడు కాయితం సంగతి అడగడం మానేశాడు. మామా అనడం మానేశాడు.

"చాలన్నా" అనేవాడు, గిన్నె తిరిగిస్తూ.

కాయితం వచ్చింది. చావు తప్పి ఇరవై ఏళ్ళ జైలు మిగిలింది. వాడిని పైకి మార్చారు, ఆరో గదికి సున్నం వేసి తాళం పెట్టారు. రెండో రోజు పొద్దెక్కాక తల్లిని లోపలికి వదిలారు. ములాఖత్ గదిలో కిటికీ ఉంది. దాంట్లోంచి పూసిన ఆప్రికాట్ కొమ్మ కనబడుతోంది. సలోమత్ రెండు రొట్టెలు తెచ్చింది, ఇంకా వెచ్చగా ఉన్నాయి. కొడుకును కావలించుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఎందుకో చప్పున ఆగి, వాడి మెడ దగ్గర వాసన చూసింది. మమాసాలి చూపు తిప్పుకున్నాడు.

"తిను నాన్నా" అంది, రొట్టె చేతికిచ్చి.

వాడు కొరికాడు. నవ్వాడు. దోనియోర్ పళ్ళు ముత్యాల వరస, ఒక్కటి కూడా ఊడలేదు. పిలుపు రాగానే రొట్టె బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

సలోమత్ ఆ రొట్టెను ఎత్తి వెలుతుర్లో పట్టుకుంది. కొరికిన చోట నడిమధ్యన సన్నటి గట్టు ఒకటి నిలబడి ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడిమింది.

"నా కొడుకేడి అన్నా?" అంది, చాలా మెల్లగా.

ఆవిడ కొరకని రొట్టె తీసి అతని చేతుల్లో పెట్టింది.

"ఇది కింద ఇవ్వు."

"కింద... ఆ గదిలో ఎవరూ లేరమ్మా."

"నువ్వు ఇవ్వు."

పందొమ్మిది మెట్లు దిగాడు. మధ్యాహ్నం గిన్నెల వేళ. ఆరో గది తలుపు కింద సందులోంచి బల్బు వెలుగు పడుతోంది. ఖాళీ గదిలో బల్బు వేయరు. తలుపు ముందు ఆగాడు. కంత మూత లోపలివైపు నుంచి టక్కుమని తెరుచుకుంది.

"మామా... నా కాయితం వచ్చిందా?"

మమాసాలి గోడ పట్టుకున్నాడు. వచ్చిందనాలా, రాలేదనాలా. ఒక్కసారి ఆడిన అబద్ధం ఇంత చేసింది, ఇంకొకటి ఆడే ధైర్యం లేదు. నిజం చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. రొట్టెను కంతలో పెట్టాడు. లోపలినుంచి ఎవరో దాన్ని మెల్లగా లాక్కున్నారు.

తర్వాత కొరికిన చప్పుడు. ఒక్కసారే.

రొట్టె తిరిగి కంతలోకి వచ్చింది. కొరికిన చోట పళ్ళన్నీ వరసగా, గట్టు లేకుండా, నున్నగా దిగి ఉన్నాయి.

"మిగతాది దాచి ఉంచు మామా. సాయంత్రానికి వచ్చేస్తాను."

కంత మూసుకుంది. కాపలా గదిలో మేకుకు పాత రుమాలు అలాగే వేలాడుతోంది. గోడ గడియారంలో టైము ఒంటిగంట. సాయంత్రం దాకా డ్యూటీ మమాసాలిదే.