కిటికీ దగ్గర చోటు

జనవరిలో మా ఊరికి తెల్లవారడం కూడా బద్ధకమే. ద్రావా నది మీంచి లేచిన మంచు పొలాలు దాటి పెరళ్ళలోకి వచ్చి మధ్యాహ్నం దాకా కదలదు. ఆ పొద్దున కూడా రోజిక అందరికంటే ముందు లేచింది. వంటింట్లో కట్టెల పొయ్యి రాజేసింది. పందులకు కుడితి పెట్టి, కోళ్ళకు గింజలు చల్లి వచ్చి మొక్కజొన్న సంకటి కలిపింది. మొగుడు మియో దాన్ని పాలతో తిని, మూతి తుడుచుకుని కలప మిల్లుకు వెళ్ళిపోయాడు. అత్తగారు యాల్జ కాఫీ తాగి పొయ్యి పక్క బెంచీ మీద కళ్ళు మూసుకుంది. అప్పుడు రోజిక బల్ల తుడిచి, కిటికీ దగ్గర ఒక అద్దం పలక పెట్టుకుని రంగుల డబ్బా తెరిచింది. మధ్యాహ్నం పులుసు పొయ్యి మీదికి ఎక్కేదాకా ఉన్న ఆ కాస్త పొద్దే రోజు మొత్తంలో ఆమె సొంతం.

మా ఊళ్ళో చలికాలం వస్తే పొలం పడుకుంటుంది, రైతు లేచి కుంచె పట్టుకుంటాడు. ఆడవాళ్ళూ పట్టుకుంటారు, కాకపోతే అంట్లు తోమాక. కాగితం మీద వేసేవాళ్ళు ముందు ఆకాశం వేసి, ఆ తర్వాత ఇల్లు కట్టి, ఇంటి ముందు మనిషిని నిలబెడతారు. మా పని దానికి తలకిందులు. మేం అద్దానికి వెనకవైపు రంగు వేసి ముందువైపు నుంచి చూస్తాం. అంచేత చూసేవాళ్ళకి ఏది దగ్గరో అదే ముందు వేయాలి. కంట్లో మెరుపు ముందు, కన్ను తర్వాత, మొహం ఆ తర్వాత. ఆకాశం చిట్టచివరికి. పెట్టిన చుక్కని తీరిగ్గా దిద్దుకుందామంటే కుదరదు, అప్పటికే దాని మీద ఇంకోటి వచ్చి ఉంటుంది.

రోజికకి ఈ పిచ్చి రెండేళ్ళ కిందట పట్టుకుంది. కూతురు నెవెంక పెళ్ళి చేసుకుని రాజధాని జాగ్రెబ్‌లో కాపురం పెట్టాక, ఇంటికి ప్లాస్టిక్ కిటికీలు బిగించారు. పాత కిటికీల అద్దాలన్నీ కొట్టంలోకి చేరాయి. మిరప నారు పెట్టెకి మూతలుగా పనికొస్తాయని మియో దాచాడు. రోజిక అందులోంచి ఒకటి తీసింది, ఆ తర్వాత ఇంకోటి. శనివారాలు బ్లాజ్ మాస్టారు చెప్పే బొమ్మల పాఠానికి కూడా వెళ్ళడం మొదలుపెట్టింది.

కానీ ఒక్క బొమ్మ పూర్తి చేస్తే ఒట్టు. పందిని కోసే రోజులనీ, చుట్టాలనీ, అత్తగారి మోకాళ్ళనీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం అని మియో ఏడిపించేవాడు. అసలు సంగతి రోజికకీ తెలుసు. ఏం వేయాలో ఆమెకి తోచేది కాదు. అందరూ వేస్తున్నారని మంచు కొండలూ, చర్చి గోపురమూ, ఎర్రటి సాయంత్రమూ మొదలుపెట్టేది, సగంలో విసుగొచ్చి వదిలేసేది.

బ్లాజ్ మాస్టారు వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూసి, "ఇవన్నీ ఎవరింటి కిటికీలోంచో చూసినట్టున్నాయమ్మా. నీ ముక్కు ముందర ఏముందో చూశావా ఎప్పుడైనా?" అన్నాడు. ఉపవాసాల ముందు వచ్చే వేషాల పండుగకి ఊరి హాల్లో బొమ్మలు పెడుతున్నారనీ, ఒక్కటైనా పెట్టనివాళ్ళు కుర్చీ ఖాళీ చేయాలనీ కూడా చెప్పాడు. ఆ కుర్చీ కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామందే ఉన్నారు.

రోజికకి కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఒక పొద్దున పొయ్యి మీద పాలగిన్నెని చూసింది. అంచు దగ్గర నీలం పూత ఊడి, లోపలి నలుపు కనిపిస్తున్న గిన్నె. దాని పక్కన వెచ్చదనానికి చుట్టచుట్టుకున్న పిల్లి. ఆ గిన్నెని ఆమె ఎన్నో ఏళ్ళుగా తోముతోంది గాని చూసింది మాత్రం ఆ రోజే. ఊడిన పూతతో మొదలుపెట్టి గిన్నె వేసింది, మర్నాడు పిల్లి మీసాలు వేసింది. పెళ్ళయ్యాక మొదటిసారి పులుసు మాడబెట్టింది. ఈ బొమ్మ పూర్తవుతుందని ఆమెకి గట్టి నమ్మకం కుదిరింది.

సరిగ్గా అప్పుడే యాల్జ అటక మీంచి పెద్దబాతు ఈకల బస్తాలు దింపించింది.

నెవెంకకి నెలలు నిండుతున్నాయి. ఈస్టర్ నాటికి బిడ్డ. ఆ బిడ్డ ఉయ్యాలకి దిండూ, బొంతా ముత్తవ్వ చేతి మీదుగా వెళ్ళాలని యాల్జ పట్టుదల. ఒక్కో ఈకనీ ఈనె నుంచి చీల్చి, మెత్తటి నూగు మాత్రం పోగు చేయాలి. మా వైపు ఇది సాయంత్రాల పని. ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ దీపం చుట్టూ చేరి, కాల్చిన గుమ్మడి ముక్కలు తింటూ ఊరందరి గుట్టూ విప్పుతూ చేస్తారు. ఈ ఏడు యాల్జ ఎవర్నీ పిలవలేదు. సాయంత్రం జోలికే పోలేదు. పొద్దున్నే బుట్ట పట్టుకొచ్చి సరిగ్గా కిటికీ దగ్గర, రోజిక కూర్చునే చోటే కూర్చుంది.

నూగుకీ తడి రంగుకీ పొత్తు కుదరదు. ఇంట్లో వెచ్చగా ఉండేది ఆ ఒక్క వంటిల్లే. మధ్యాహ్నాలు కూర్చోమని రోజిక మెత్తగానే అడిగింది. యాల్జ సరేనంది, మర్నాడు పొద్దున మళ్ళీ అక్కడే కూర్చుంది. ఇలా ఓ వారం నడిచింది. ముసలావిడ కావాలనే చేస్తోందని రోజిక అనుకుంది. పక్కింట్లో ఉండే నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఒక పొద్దున యాల్జ ఇంకా లేవకముందే రోజిక పిల్లి వీపు పూర్తి చేసి, అద్దాన్ని ఆరడానికి బల్ల చివర పెట్టింది. అత్తగారు వచ్చి కూర్చుంటే, రంగు తడిగా ఉంది, అటు వెళ్ళొద్దని చెప్పి ఈస్ట్ కొనడానికి కొట్టుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి యాల్జ బుట్టెడు నూగుని అద్దం పక్కనే కుప్ప పోసి ఉంది. చేతి తొడుగులు మరిచిపోయి వెనక్కి వచ్చిన మియో, రోజిక కంటే రెండడుగులు ముందు వీధి తలుపు బార్లా తీశాడు. గాలి లోపలికి కొట్టింది. నూగంతా లేచి, వంటింట్లో కాసేపు తిరిగి, దిగకూడని చోటే దిగింది. పాలగిన్నె, పిల్లి, మీసాలు అన్నీ తెల్లటి బొచ్చు కింద మునిగిపోయాయి. రోజిక ఒక నూగుని పట్టి లాగితే దాంతోపాటు పిల్లి చెవి ఊడి వచ్చింది.

ఆమె అగ్గి మీద గుగ్గిలమైతే బాగుండేదని మియో తర్వాత నాతో అన్నాడు. గొంతు పెంచకుండా మాట్లాడిందట.

"తడిగా ఉందని చెప్పానా లేదా అత్తయ్యా?"

"చెప్పావు."

"మరెందుకు పోశారు?"

యాల్జ వేళ్ళు ఈకల్లో కదులుతూనే ఉన్నాయి. "పుట్టబోయే బిడ్డకి దిండు కావాలి. పిల్లి బొమ్మ లేకపోతే ఎవరికీ నిద్ర పట్టకుండా పోదు."

"బిడ్డకంటే బొమ్మ ఎక్కువని నేనన్నానా? ఈ ఇంట్లో అందరి పనులూ అయ్యాకే నాకు కాస్త పొద్దు మిగిలేది. మీకు సాయంత్రం మొత్తం ఉంది. మీరు అదే పొద్దు పట్టుకున్నారు."

మియో సర్దిచెప్పబోయి, కావాలంటే కొట్టంలో బల్ల వేసిస్తానన్నాడు. కొట్టంలో రంగే కాదు, కుంచె పట్టిన వేళ్ళు కూడా గడ్డకడతాయి. రోజిక మొగుడి వంక చూసింది. చెడిపోయిన బొమ్మతో పాటు మిగిలిన అద్దాలన్నీ తీసుకెళ్ళి కొట్టంలో పెట్టి వచ్చింది. "నారుపెట్టెకి వాడుకో. శనివారం మాస్టారికి కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమని చెబుతా," అంది.

రెండు రోజులు ఆ ఇంట్లో గరిటెలే మాట్లాడుకున్నాయి. మూడో రోజు పొద్దున రోజికకి చేయడానికి ఏమీ తోచలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపొస్తుంది. ఈకల పనైనా త్వరగా తెములుతుందని ఒక బుట్ట లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. తలుపు మూసి, గట్టిగా ఊపిరి కూడా తీయకుండా ఇద్దరూ చీలుస్తున్నారు. బొమ్మ వేయాలని వెతికిన కళ్ళు ఊరికే ఉండవు కదా. రోజిక ఎదురుగా ఉన్న చేతుల్ని చూస్తూ కూర్చుంది.

యాల్జ ప్రతి ఈకనీ ముందు కింది పెదవికి ఆనిస్తోంది. ఈనె ఎటుందో పెదవితో తెలుసుకుని, అప్పుడు గోరు పెడుతోంది. మెత్తటి నూగు కుప్పలో అక్కడక్కడా ఈనె ముక్కలు ఉండిపోయాయి. ఈ ఊళ్ళో యాల్జ దిండులో ఈనె గుచ్చుకుందన్న మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు. రోజిక కాఫీ కప్పు ఆమె వైపు జరిపింది. యాల్జ చెయ్యి కప్పుని దాటి వెళ్ళి, బల్లని తడుముతూ వెనక్కొచ్చింది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?" అంది రోజిక.

యాల్జ తడుముకుని కప్పుని దగ్గరికి లాక్కుంది.

"ద్రాక్ష కోతలప్పట్నుంచి. పాలలోంచి చూస్తున్నట్టుంది అంతా. పొద్దున ఈ కిటికీ దగ్గరైతే తెలుపు కాస్త తెలుస్తుంది. సాయంత్రం దీపం కింద ఇంకేమీ లేదు."

"మాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేస్తారు? బుట్ట లాక్కుని నన్ను పొయ్యి పక్కన కూర్చోబెడతారు. దిండు కొట్లో కొంటారు." ఒక ఈక పెదవి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. "నీ అద్దం నాకు కనపడలేదు రోజికా. ఉత్త బల్లనుకున్నా. తెలిసి పోయలేదమ్మా. పోశాక ఆ మాట చెప్పుకోలేకపోయా."

రోజిక ఏడ్చింది. చెడిపోయిన బొమ్మ కోసం కాదు. కిటికీ దగ్గర ఆ కాస్త వెలుగు తనకొక్కదానికే కావాలని ఇన్నాళ్ళూ అనుకుంది. అదే వెలుగు కోసం, అదే భయంతో, ఇంకో మనిషి బల్లకి అవతల పక్కన కూర్చుని ఉంది. చేతిలోంచి తన పని జారిపోతుందన్న భయం. ఒక ఇంట్లో ఉంటూ ఒకరికొకరు చెప్పుకోకపోతే అది పంతంలాగే కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం మియోకి చెప్పారు. పట్నంలో కంటి డాక్టరుకి చూపిద్దాం, శుక్లాలే అయితే తీసేస్తారని అతనన్నాడు. దిండు అయ్యాకే కళ్ళని యాల్జ మొండికేసింది. కొడుకు కొట్టంలోకి వెళ్ళి, పిల్లి చెవి ఊడినదాన్ని అక్కడే వదిలేసి, ఒక మంచి అద్దం వేణ్ణీళ్ళతో కడిగి తెచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు. మిగతావాటిలో ఒకదాన్ని అప్పటికే నారుపెట్టెకి కోసేశానని నసిగాడు.

కిటికీకి ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఒక పొద్దు ఈకలది, ఒక పొద్దు రంగులది. రోజిక వంతు రోజున కూడా యాల్జ వచ్చి కూర్చునేది. ఖాళీ చేతులతో ఉండలేక ఒకే ఒక్క ఈక పట్టుకునేది. "నా మొహం కూడా వేస్తావా?" అని అడిగింది. అక్కడిదాకా వచ్చినప్పుడు చూద్దామంది రోజిక.

బొమ్మ పండుగకి వారం ముందు పూర్తయింది. ఇంట్లో జామ్ పెట్టిన బూరెల వాసన నిండి ఉంది. శనివారం మాస్టారు దాన్ని చూసి, హాల్లో మేకు ఎక్కడ కొట్టాలో తేల్చుకోవడానికి కొలత తీసుకుని వెళ్ళాడట. రంగు ఆరాక యాల్జ అద్దాన్ని ఒళ్ళో పెట్టించుకుని, ముందువైపు అరచేత్తో నిమిరింది.

"ఏమీ తగలట్లేదే," అంది.

"ఇటు తగలదు అత్తయ్యా. రంగంతా వెనక ఉంది." రోజిక అద్దాన్ని తిప్పి, అత్తగారి వేలు పట్టుకుని దాని మీద ఆనించింది. "అన్నిటికంటే ముందు మీ చేతిలో ఈక వేశాను. తర్వాత గోరు, వేళ్ళు, ఆ తర్వాత మీ పెదవి, మొహం. కిటికీ చిట్టచివర."

యాల్జ వేళ్ళు నెమ్మదిగా వెతుక్కుంటూ మూల దాకా వెళ్ళాయి. అక్కడ ఆరిపోయిన రంగులో ఏదో మెత్తగా తగిలింది. ఆవిడ శాలువా మీంచి ఎప్పుడు రాలిందో, ఒక నూగు అతుక్కుపోయి ఉంది. అలవాటు కొద్దీ గోరు దాన్ని లాగబోయింది.

రోజిక ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండనివ్వండి."

యాల్జ ఆగింది. ఆ కళ్ళకి బొమ్మ కనిపించకపోయినా, ఆవిడ మొహం కిటికీ వెలుగు వైపు తిరిగింది.

"అయితే బిడ్డ దిండులో ఒకటి తక్కువైందన్నమాట," అంది. కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు.